భూకేంద్రము నుండి ఉపగ్రహము వరకు: ఒక లేసరు పుంజపు రూపకల్పన

షాద్‌నగర్ వద్ద జాతీయ దూర సంవేదన కేంద్రం వారి భూకేంద్రంలో తెల్లని పెద్ద పళ్ళెముల వంటి ఆంటెన్నాలు ఆకాశం వైపు తిరిగి ఉంటాయి. భూమిని పరిశీలించే మన ఉపగ్రహాలు తీసిన చిత్రాలు రేడియో తరంగాల రూపంలో వచ్చి ఆ పళ్ళెములలో పడతాయి. భూకేంద్రమనగానే మన మనస్సులో మెదిలే రూపం అదే. అయితే గడచిన పాతికేళ్ళలో మరొక తరహా భూకేంద్రం రూపు దిద్దుకొన్నది. అందులో పళ్ళెమునకు బదులు దూరదర్శిని ఉంటుంది. రేడియో తరంగానికి బదులు లేసరు కాంతి వార్తను మోసుకొని పోతుంది.

గత వేసవి సెలవులలో మేమిద్దరము ఒక పరిశోధన సంస్థలో ఎనిమిది వారాలు పని నేర్చుకొనే అవకాశం పొందినాము. చిన్న ఉపగ్రహాలతో లేసరు ద్వారా సంభాషించే భూకేంద్రానికి, కాంతిని పైకి పంపే కటకాల అమరికను కాగితం మీద రూపొందించడం మాకు అప్పగించిన పని. కాగితం మీద అన్న మాటను నొక్కి చెప్పుచున్నాము. మేము ఉపగ్రహానికి లేసరు గురిపెట్టి వచ్చినామని కళాశాలలో ఒక వదంతి పుట్టినది, దానిని నమ్మవలదు. ఐనప్పటికీ ఆ ఎనిమిది వారాలలో మాకు స్పష్టమైన సంగతి ఒకటి ఉన్నది. ఈ పనిలో ముక్కాలు మువ్వీసం మన డిగ్రీ తరగతుల దృశాశాస్త్ర పాఠమే. దానిని తోటి విద్యార్థులకు, కళాశాల కార్యవర్గానికి వివరించడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

రేడియో ఉండగా లేసరు ఎందుకన్న ప్రశ్న ముందుగా వస్తుంది. ఏ తరంగమైనా ఒక రంధ్రం గుండా బయలుదేరిన తరువాత కొంత విస్తరించక తప్పదు. దీనినే వివర్తనమని చదువుకొన్నాము. తరంగదైర్ఘ్యం ఎంత పెద్దదైతే విస్తరణ అంత ఎక్కువ. రంధ్రం ఎంత పెద్దదైతే విస్తరణ అంత తక్కువ. 12 గిగాహెర్ట్జ్ రేడియో తరంగపు దైర్ఘ్యం 2.5 సెంటీమీటర్లు. ఒక మీటరు పళ్ళెం నుండి దానిని పంపితే 500 కిలోమీటర్ల ఎత్తుకు పోయేసరికి సుమారు 15 కిలోమీటర్ల వెడల్పుకు వ్యాపిస్తుంది. లేసరు సంభాషణలో ఎక్కువగా వాడే కాంతి తరంగదైర్ఘ్యం 1550 నానోమీటర్లు. ఈ కాంతిని కేవలం 50 మిల్లీమీటర్ల వెడల్పు గల పుంజంగా పంపినా అదే ఎత్తులో దాని వెడల్పు 20 మీటర్లు మాత్రమే. చార్మినారు ఒక పక్క వెడల్పు ఎంతో అంత. పంపిన శక్తి అంతా అంత చిన్న చోట పడుతుంది గనుక తక్కువ శక్తితో ఎక్కువ సమాచారం పంపవచ్చును.

ఇది ఊహ కాదని చెప్పడానికి రెండు మూడు సంగతులు చాలును. 2001 నవంబరులో ఫ్రాన్సు వారి స్పాట్-4 ఉపగ్రహం యూరపు వారి ఆర్టెమిస్ ఉపగ్రహానికి లేసరుతో సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున సమాచారం పంపినది. 2013లో చంద్రుని చుట్టూ తిరిగే లాడీ నౌక నుండి సెకనుకు 622 మెగాబిట్లు భూమికి చేరినవి. 2023 డిసెంబరులో సైకీ నౌక 3 కోట్ల 10 లక్షల కిలోమీటర్ల దూరం నుండి సెకనుకు 267 మెగాబిట్ల వేగంతో ఒక చిన్న చలనచిత్రాన్ని పంపినది. ఆ చిత్రంలో ఉన్నది లేసరు చుక్క వెంట పరుగెత్తే ఒక పిల్లి. కోట్ల కిలోమీటర్లు దాటివచ్చిన చిత్రం పిల్లి చిత్రమా అని నవ్వుకొన్నవారు లేకపోలేదు గాని, పోయిన వస్తువు కంటె పోయిన బాట ముఖ్యం కదా.

ఇక మా పనికి వస్తాము.

పుంజం ఎంత సన్నగా ఉంటే అంత మేలని పైలెక్కను బట్టి ఎవరికైనా తోచును. అక్కడనే మొదటి చిక్కు ఉన్నది. మైక్రోరేడియన్ అనే కోణపు కొలత ఈ రంగంలో అడుగడుగునా వస్తుంది. కిలోమీటరు దూరంలో ఒక మిల్లీమీటరు ఎంత కోణం చేస్తుందో అది ఒక మైక్రోరేడియన్. పైన చెప్పిన 50 మిల్లీమీటర్ల పుంజం మధ్యరేఖకు ఇరువైపులా 20 మైక్రోరేడియన్ల చొప్పున విచ్చుకొంటుంది. అనగా 500 కిలోమీటర్ల ఎత్తులో మధ్య నుండి అంచుకు 10 మీటర్లు. ఇంతకూ ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో మనకు అంత కచ్చితంగా తెలియునా? బహిరంగంగా లభించే కక్ష్యా వివరాలలో ఒక కిలోమీటరు మేరకు తేడా ఉండడం మామూలే. 500 కిలోమీటర్ల దూరాన కిలోమీటరు తేడా అంటే 2000 మైక్రోరేడియన్లు. మన పుంజపు అర్ధకోణానికి నూరు రెట్లు. చీకటి గదిలో సూది దారంతో తడుముకొన్నట్లు ఉంటుంది.

పుంజాన్ని వెడల్పు చేస్తే ఉపగ్రహం దొరుకుతుంది, కాని వెలుగు పలచబడుతుంది. కోణం రెట్టింపైతే కాంతి తీవ్రత నాల్గవ వంతుకు దిగుతుంది. 20 మైక్రోరేడియన్ల అర్ధకోణాన్ని 1000కి పెంచితే తీవ్రత 2500 రెట్లు తగ్గుతుంది. సన్నగా పంపితే గురి తప్పుతుంది. వెడల్పుగా పంపితే చేరినది చాలదు. ఈ రెంటి నడుమ ఎక్కడ నిలవాలో నిర్ణయించడమే భూకేంద్రపు లేసరు రూపకల్పనలో మూలప్రశ్న. మిగిలిన గాజు, లోహం, పూతలు అన్నీ ఆ నిర్ణయాన్ని నిలబెట్టడానికే.

దీనికి సాధారణంగా రెండు మెట్ల పద్ధతి అవలంబిస్తారు. మొదట ఒక వెడల్పైన దీపస్తంభపు వెలుగు వంటి పుంజాన్ని ఆకాశంలోకి వదలుతారు. ఉపగ్రహంలోని కెమెరా ఆ వెలుగును చూసి, భూకేంద్రం ఏ దిక్కున ఉన్నదో గ్రహించి, తన సన్నని పుంజాన్ని ఇటు తిప్పుతుంది. ఆ పుంజం మన దూరదర్శినిలో కనబడగానే మన గురిని సరిచేసుకొని, అప్పుడు మన సన్నని పుంజాన్ని పంపవచ్చును. మేము పని చేసినది ఈ రెండవ పుంజం మీద.

ఈ గురిలో మరొక విచిత్రం ఉన్నది. 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దాని నుండి వెలుగు మనకు చేరడానికి, మన వెలుగు తిరిగి దానిని చేరడానికి కలిపి సెకనులో 300వ వంతు కాలం పడుతుంది. నెత్తి మీదుగా పోయే ఉపగ్రహం ఆ కొద్ది కాలంలోనే 25 మీటర్లు ముందుకు జరిగిపోతుంది. మన పుంజం అక్కడ మధ్య నుండి 10 మీటర్ల వరకే పరచుకొంటుంది గదా! కనుక ఉపగ్రహం కనబడిన చోటికి గురిపెడితే వెలుగు దాని వెనుక నుండి పోతుంది. సుమారు 50 మైక్రోరేడియన్లు ముందుకు గురిపెట్టాలి. పరుగెత్తే లేడిని కొట్టే వేటగానికి తెలిసిన సూత్రమే ఇది. ఐతే, వచ్చే కాంతి, పోయే కాంతి ఒకే దూరదర్శిని గుండా నడిచే అమరికలో రెంటికీ ఇంత చిన్న కోణపు తేడా కల్పించడానికి ప్రత్యేకంగా ఒక సన్నని అద్దాన్ని తిప్పవలసి వస్తుంది.

ఇప్పుడు కటకాల సంగతి. లేసరు కాంతి ఒక గాజు తంతువు చివర నుండి బయటికి వస్తుంది. ఆ తంతువులో కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 10 మైక్రోమీటర్లు. మన తల వెంట్రుకలో ఏడవ వంతు అనుకోవచ్చును. అంత సన్నని చోటు నుండి వచ్చిన కాంతి వెంటనే విచ్చుకొంటుంది. దానిని సమాంతరంగా మార్చడానికి ముందు ఒక చిన్న కటకం పెట్టాలి. 26 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకం పెడితే 5 మిల్లీమీటర్ల వెడల్పు గల సమాంతర పుంజం వస్తుంది. తరువాత దానిని పది రెట్లు విస్తరింపజేసే జంట కటకాలు ఉంటాయి: 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల పుటాకార కటకం ఒకటి, 500 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కుంభాకార కటకం మరొకటి, రెంటి నడుమ దూరం 450 మిల్లీమీటర్లు. గెలీలియో దూరదర్శినిని తిరగవేసి చూసినట్లు. పుంజం పది రెట్లు వెడల్పైతే దాని విచ్చుకోలు పదవ వంతుకు తగ్గుతుంది.

ఆ మొదటి చిన్న కటకం దగ్గర ఒక్క క్షణం నిలవాలి. గోళాకారపు ఉపరితలం గల కటకం అంచున పడిన కిరణాలను, నడుమ పడిన కిరణాలను ఒకే బిందువుకు చేర్చలేదు. ఈ గోళీయ విపథనం వలన పుంజం చెదరుతుంది. అందువలన ఇక్కడ గోళం కాని వంపు గల కటకాన్ని వాడుతారు. ఈ ఉపాయం కొత్తది కాదు. సుమారు 984వ సంవత్సరంలో బాగ్దాదు పండితుడు ఇబ్న్ సహ్ల్ దహన సాధనాలను గూర్చి వ్రాసిన గ్రంథంలో, అతిపరావలయపు వంపు గల కటకం సమాంతర కిరణాలను ఒకే బిందువుకు చేర్చగలదని జ్యామితితో చూపినాడు. అందుకు ఆయన వాడిన వక్రీభవన నియమం, నేడు మనము స్నెల్ పేరుతో చదివే నియమానికి సమానమైనదే. స్నెల్ కాలం 1621. ఇబ్న్ సహ్ల్ వ్రాతల ప్రాముఖ్యాన్ని రోష్దీ రాషెద్ అనే పండితుడు 1990లో లోకానికి వెల్లడించినాడు. ఆయన తరువాతి తరంవాడైన ఇబ్న్ అల్ హైథమ్ ఏడు సంపుటాల 'కితాబుల్ మనాజిర్'ను 1011, 1021 సంవత్సరాల నడుమ రచించినాడు. ఈ విషయాన్ని మన సంచిక ఉర్దూ విభాగంలో అరబ్బీ తెలిసిన మిత్రులెవరైనా మాకంటె బాగుగా వ్రాయగలరు, వ్రాయవలెనని కోరుచున్నాము. మా లెక్కల పుస్తకంలో మాత్రం ఆ కటకం వంపును నిర్ణయించే అంకె ఒక చిన్న వరుసలో ఇమిడిపోయినది. వెయ్యేళ్ళ నాటి గీత అందులో ఉన్నదని తెలిసినప్పుడు ఆ వరుసను మళ్ళీ ఒకసారి చదువుకొన్నాము.

తంతువు కొస ఎంత కదలరాదో కూడ లెక్కవేయాలి. కొస ఒక్క మైక్రోమీటరు పక్కకు జరిగితే, విస్తారకం దాటిన తరువాత పుంజం సుమారు 4 మైక్రోరేడియన్లు తిరుగుతుంది. ఒక వెంట్రుక మందం జరిగితే 500 కిలోమీటర్ల ఎత్తున వెలుగు 130 మీటర్లకు పైగా పక్కకు పోతుంది. కటకాలను పట్టే బిగింపులు, మరలు అంత ఖరీదు ఎందుకో మాకు ఆ లెక్కతో బోధపడినది.

ఇంతవరకు లెక్కలు సాఫీగా నడిచినవి. అన్నిటికంటె మమ్ము ఎక్కువ కాలం కూర్చోబెట్టినది వేడి.

కటకాల నడుమ గొట్టాన్ని అల్యూమినియంతో చేయడం సులభం, చౌక. అల్యూమినియం డిగ్రీకి 10 లక్షలలో 23 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. భూకేంద్రపు గుమ్మటం రాత్రి తెరిచే ఉంటుంది గనుక లోపలి పరికరం బయటి గాలి వేడినే పొందుతుంది. ఒక ఉష్ణోగ్రత వద్ద సరిచేసిన గొట్టం 20 డిగ్రీల తేడాలో పనిచేయవలసి వచ్చినదనుకొందాము. 450 మిల్లీమీటర్ల గొట్టంలో తేడా 0.2 మిల్లీమీటరు. నాలుగు కాగితాల మందం కూడ ఉండదు. ఇంతమాత్రానికి ఏమవుతుందని అనిపిస్తుంది.

లెక్కవేసి చూస్తే ఆ తేడా పుంజపు అంచు కిరణాన్ని మరి 20 మైక్రోరేడియన్లు తిప్పుతున్నది. వివర్తనం వలన సహజంగా కలిగే 20 మైక్రోరేడియన్లకు ఇది తోడైతే, రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీసినప్పుడు పుంజపు అర్ధకోణం 28 దాటుతుంది. కోణపు వర్గానికి విలోమంగా తీవ్రత మారుతుంది గనుక ఉపగ్రహం మీద పడే వెలుగు సగానికి తగ్గిపోతుంది. లేసరు చెడలేదు, గాజు పగలలేదు, గురి తప్పలేదు. గొట్టం 0.2 మిల్లీమీటరు సాగినందుకు సగం వెలుగు పోయినది.

గొట్టాన్ని ఇన్వారుతో చేయరాదా అని మీరు అడగవచ్చును. 36 శాతం నికెలు గల ఈ ఇనుప మిశ్రమలోహం వేడికి దాదాపు సాగదు. దీనిని కనుగొన్న గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి లభించినది. మేము కూడ మొదట ఆ మాటే అడిగినాము. మా మార్గదర్శకులు కాదనలేదు, ఔననలేదు. గాజు సంగతి కూడ చూడమన్నారు. కటకాలు శుద్ధ సిలికా గాజువి. వేడెక్కినప్పుడు ఈ గాజు వ్యాకోచించడం అతి స్వల్పం, కాని దాని వక్రీభవన గుణకం పెరుగుతుంది. దానివలన నాభ్యంతరం తగ్గుతుంది. 20 డిగ్రీలకు ఆ తగ్గుదల కూడ దాదాపు 0.2 మిల్లీమీటరే! పైగా వేడికి అల్యూమినియం గొట్టం పొడుగవుతుంటే కటకపు నాభ్యంతరం పొట్టిదవుతుంది గనుక రెండు తేడాలు ఒకదానికొకటి తోడవుతాయి. ఇన్వారు పెడితే లోహపు తేడా పోతుంది, గాజు తేడా మిగిలే ఉంటుంది.

అందువలన లోహాన్ని ఒకరు, గాజును ఒకరు వేర్వేరుగా ఎన్నుకొంటే పని చెడుతుంది. వేడికి నాభ్యంతరం పెరిగే గాజులు కూడ కొన్ని ఉన్నవి. అటువంటి గాజును, అదే నిష్పత్తిలో సాగే లోహాన్ని జతపరచగలిగితే రెండు తేడాలూ పరస్పరం కొట్టివేసుకొంటాయి. ఇంటర్మీడియట్ పుస్తకంలో ఇత్తడి, ఉక్కు కడ్డీలతో చేసిన పరిహార లోలకం బొమ్మ అందరికీ గుర్తే. గడియారపు లోలకం పొడవు వేసవిలో మారకుండా చేసిన ఆ పాత ఉపాయమే ఇక్కడ కటకాల నడుమకు వచ్చినది. మరొక మార్గం కూడ ఉన్నది: ఉష్ణమాపకం చెప్పిన దానిని బట్టి ఒక చిన్న మోటారు కటకాన్ని ముందుకు వెనుకకు జరుపుతుంది. ఇది సులభమేగాని, కదిలే భాగం ప్రతి ఒక్కటీ గురిని కదిలించే భాగమే అని అనుభవజ్ఞుల మాట. చివరకు మా నివేదికలో రెండు మార్గాలనూ లెక్కలతో పక్కపక్కన పెట్టి, ఎంపికను పెద్దలకు విడిచినాము. వేసవి రెండు నెలలకు వచ్చిన విద్యార్థులు అంతకు మించి తేల్చడం ఉచితం కాదని ఇప్పటికీ మా అభిప్రాయం.

కటకపు వ్యాసం, పూతల సంగతి కొద్దిగా చెప్పి సాగుతాము. లేసరు పుంజానికి గీత గీసినట్లు అంచు ఉండదు. వెలుగు క్రమంగా సన్నగిల్లుతుంది. 50 మిల్లీమీటర్లని లెక్కించే పుంజాన్ని సరిగా 50 మిల్లీమీటర్ల కటకం గుండా పంపితే 13 శాతానికి పైగా వెలుగు అంచున తెగిపోతుంది. 75 మిల్లీమీటర్ల కటకమైతే నష్టం ఒక శాతమే. ఇక పూత లేని సిలికా ఉపరితలం ప్రతి ఒక్కటీ 3.3 శాతం వెలుగును వెనుకకు పంపుతుంది. మూడు కటకాలకు ఆరు ఉపరితలాలు. మొత్తం మీద 18 శాతం నష్టం. అంతకంటె ముఖ్యమైన బాధ ఏమనగా, వెనుకకు వచ్చిన ఆ వెలుగు ఉపగ్రహం నుండి వచ్చే అతి క్షీణమైన వెలుగును పట్టే గ్రాహకంలో పడవచ్చును. పక్కన డోలు వాయిస్తుండగా రహస్యం వినవలసి వచ్చినవాని స్థితి అది. అందుచేత పైకి పోయే కాంతికి, కిందికి వచ్చే కాంతికి వేర్వేరు తరంగదైర్ఘ్యాలు నిర్ణయించి, వడపోత పలకలతో వేరుచేస్తారు.

గొట్టం దాటిన వెలుగుకు తరువాతి గండం గాలి. వేడి, చల్లని గాలి పొరలు కలిసి కదులుతుండగా పుంజం వంగుతూ, కదలుతూ పోతుంది. నక్షత్రం మినుకుమినుకుమనడానికి కారణం ఇదే. దీనికి ఒక చక్కని మందు: ఒక పుంజానికి బదులు కొంత ఎడంగా ఉన్న నాలుగు పుంజాలను పంపడం. ఒకటి తగ్గినప్పుడు మరొకటి హెచ్చుతుంది గనుక ఉపగ్రహం మీద మొత్తం వెలుగు స్థిరంగా ఉంటుంది. 2013 చంద్ర ప్రయోగంలో న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ వద్ద నిలిపిన భూకేంద్రం 15 సెంటీమీటర్ల దూరదర్శినులు నాలుగింటితో ఈ విధంగానే కాంతిని చంద్రునివైపు పంపినది. గాలికి మందు ఉన్నది గాని మేఘానికి లేదు. అందుచేతనే 2021 డిసెంబరులో ప్రయోగించిన లేసరు ప్రసార ఉపగ్రహానికి అమెరికా వారు కాలిఫోర్నియా కొండ మీద ఒకటి, హవాయి ద్వీపపు కొండ మీద ఒకటి చొప్పున రెండు భూకేంద్రాలు ఏర్పరచినారు. ఒకచోట మబ్బు పట్టినా రెండవచోట ఆకాశం తెరపిగా ఉండవచ్చునని. యూరపు వారి కేంద్రం టెనెరీఫ్ ద్వీపంలో 2400 మీటర్ల ఎత్తున ఉండడానికి కూడ ఇటువంటి కారణమే. నైరుతి ఋతుపవనాల దేశంలో ఈ ప్రశ్న మరింత బరువైనది.

కన్ను సంగతి మరువరాదు. 1550 నానోమీటర్ల కాంతిని కంటి ముందుభాగంలోని నీరే పీల్చివేస్తుంది గనుక అది నేత్రపటలం వరకు చేరదు. 1064 వంటి తరంగదైర్ఘ్యాల కాంతి కంటికి కనబడదు, కాని నేత్రపటలాన్ని చేరి కాల్చగలదు. ఈ రంగంలో 1550 వైపు మొగ్గడానికి ఉన్న కారణాలలో ఇదొకటి. అలాగని 1550 కాంతి ఎంతైనా హాని లేనిదని కాదు. అది హద్దు దాటితే కంటి ముందుభాగానికే దెబ్బ. భూకేంద్రం వారు విమానాలు ఆ దారిన రాకుండ కావలి కాస్తారు.

ఇదంతా గొప్ప దేశాల, గొప్ప సంస్థల పని, మనకెందుకు అనే మాట మా తరగతిలోనే విన్నాము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో విద్యార్థులు రూపొందించిన ఒక భూకేంద్రపు సంగతి వారికి చెప్పవలెను. నక్షత్రాలు చూసే వేడుక గలవారు అంగడిలో కొనుక్కొనే 28 సెంటీమీటర్ల దూరదర్శినినే వారు తెచ్చినారు. దాని వెనుక తాము లెక్కించిన కటకాలు, కెమెరాలు, కదిలే అద్దం అమర్చినారు. దానిని ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకొనిపోవచ్చును. 2022లో అంతరిక్షానికి పోయిన క్లిక్-ఏ అనే చిన్న ఉపగ్రహపు లేసరును అందుకోవడానికి ఉద్దేశించినది ఈ పరికరమే. మన దేశంలోనూ 2021లో అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగాల కేంద్రం వారు 300 మీటర్ల ఎడం గల రెండు భవనాల నడుమ బహిరంగ ప్రదేశం గుండా క్వాంటం సంకేతాలను కాంతితో పంపి చూపినారు. అక్కడా కావలసినవి ఈ కటకాలే, ఈ గురియే.

అవకాశం ఎలా వస్తుందని చాలమంది అడిగినారు. బెంగుళూరు, ఢిల్లీ, అలహాబాదు నగరాలలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు వేసవి పరిశోధన వేతనాలు చాల ఏండ్లుగా ఇస్తున్నవి. మార్కులతోపాటు, తాను చేయదలచిన పనిని గూర్చి అభ్యర్థి వ్రాసిన పుటను, అధ్యాపకుని సిఫారసును చూస్తారు. ఆ పుట వ్రాయడంలోనే మన విద్యార్థులు వెనుకబడుతున్నారని మా నమ్మకం. తెలివి లేక కాదు. తెలుగు లేక ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారికి ఇంగ్లీషులో ఒక పుట వ్రాయడం లేసరు కంటె కష్టంగా తోస్తున్నది. దరఖాస్తు గడువు శీతకాలంలోనే ముగుస్తుంది గనుక వేసవి దగ్గరపడిన తరువాత తొందరపడి లాభం లేదు. అక్టోబరు, నవంబరులలో రెండు శనివారాలు ఇందుకై కేటాయించి, ఇంగ్లీషు విభాగం వారు తోడ్పడితే చాలును.

అక్కడ లెక్కలలో మేము ఎవరికీ తీసిపోలేదు. చేతిపనిలో మాత్రం ఇతర కళాశాలల నుండి వచ్చినవారు మాకంటె ముందున్నారు. వారు ఏడాది పొడుగునా కటకాలను, అద్దాలను చేత పట్టినవారు. మనకు దృశాపీఠం ప్రయోగ పరీక్షల ముందు పక్షం రోజులు మాత్రమే బీరువా నుండి బయటకు వస్తుంది. కార్యవర్గం వారికి మా విన్నపం పెద్దది కాదు. చీకటిగదిని వారానికి రెండు సాయంత్రాలు తెరిచి ఉంచవలెను. ఒక అధ్యాపకుడు, ఒక ప్రయోగశాల సహాయకుడు ఉండవలెను. కొత్త పరికరం కొనడం తరువాతి మాట.

ఉన్నవాటితో ఏమి చేయవచ్చునో లెక్కవేసి చూసినాము. ప్రయోగశాలలోని హీలియం-నియాన్ లేసరు ఎర్రని పుంజం వెడల్పు 0.8 మిల్లీమీటరు. దానిని వరండా ఈ చివర నుండి 50 మీటర్ల దూరాన ఉన్న తెల్లకాగితం మీద వేస్తే చుక్క 5 సెంటీమీటర్ల వెడల్పుకు విచ్చుకొంటుంది. 5 సెంటీమీటర్లు, 50 సెంటీమీటర్లు నాభ్యంతరం గల రెండు కుంభాకార కటకాలను 55 సెంటీమీటర్ల ఎడంగా పెట్టి, పుంజాన్ని చిన్న కటకం వైపు నుండి పంపితే బయటికి వచ్చే పుంజం 8 మిల్లీమీటర్లకు వెడల్పవుతుంది. కాని అదే కాగితం మీద చుక్క సెంటీమీటరు లోపలికి కుదించుకొని పోతుంది. తరువాత పెద్ద కటకాన్ని కొన్ని మిల్లీమీటర్లు జరిపి చుక్క ఎంత పెరుగుతుందో కొలిస్తే, మేము గొట్టపు వేడిని గూర్చి పైన వ్రాసినదంతా కంటికి కనబడుతుంది. కళాశాల విడిచిన తరువాత, వరండాలో జనసంచారం లేని వేళ, పుంజాన్ని మోకాలి ఎత్తుకు మించకుండ, రెండు చివరలా మనిషిని నిలిపి చేయవలెను. కాగితం, అంగుళాల బద్ద మేము తెస్తాము.